రెండో యాభై తొమ్మిది

2012 జులై 1, ఆదివారం. తెల్లవారి ఐదున్నర దాటగానే ఫోన్ మోత మొదలైంది. లాప్‌టాప్ తెరిచి చూద్దును కదా, మేం కాపలా కాసే జావా సర్వర్లన్నీ సీపీయూ నూరు శాతం చూపిస్తున్నాయి. పని మాత్రం సున్నా. ప్రోగ్రాము ఆపి మళ్లీ నడిపినా అదే తంతు. చివరికి దొరికిన మందు నవ్వొచ్చేంత చిన్నది: సర్వర్‌లో ఉన్న టైమునే తీసి, మళ్లీ అదే టైముగా సెట్ చేయడం. కమాండ్ కొట్టగానే గ్రాఫు చేద బావిలోకి జారినట్టు దిగిపోయింది.

ఈ గొడవంతటికీ మూలం ఒక్క సెకను. భూమి తిరుగుడు అణు గడియారాలంత నిక్కచ్చి కాదు. ఆ తేడా సర్దడానికి 1972 నుంచి 27 లీప్ సెకన్లు కలిపారు. అప్పుడు 59 తర్వాత 60 రావాలి. లైనక్స్ లెక్కలో దానికి చోటు లేక 59నే రెండుసార్లు లెక్కపెడుతుంది. ఆ రోజు లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ గడియారాన్ని వెనక్కి జరిపింది కానీ, ఆ సంగతి లోపలి టైమర్లకు చెప్పలేదు. అవి సెకను ముందుండిపోయి, అరసెకను కునుకు తీయాల్సిన ప్రోగ్రామును పడుకోగానే లేపేశాయి. మళ్లీ పడుకుంటే మళ్లీ లేపుడు.

ఒకే పేరు రెండుసార్లు రావడం మన పంచాంగానికి కొత్త కాదు. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది. మొదటిది అధికం, రెండోది నిజం. వరలక్ష్మీ వ్రతం ఎప్పుడన్న సందేహం పంచాంగం తీర్చేసింది. కంప్యూటర్‌లో మాత్రం రెండు 59లకూ ఒకటే అంకె. ఏది ముందో, ఏది వెనకో చెప్పే గుర్తే లేదు.

అందుకే గూగుల్ ఆ సెకనును 24 గంటల్లో కలిపేస్తుంది, మజ్జిగలో ఉప్పులా. ఒక్కో సెకను సుమారు 11.6 మైక్రోసెకన్లు సాగుతుంది. ఎవరికీ రుచి తెలియదు. కాకపోతే ఇలా సాగదీసే టైము సర్వర్లనూ, సాగదీయనివాటినీ ఒకే మెషీన్‌కు ఇవ్వకూడదు. ఆ రోజంతా రెండింటి మాటా కలవదు.

మేం సర్వర్ల టైము సరిచేసే క్రోనీ అనే ప్రోగ్రాముకు మారాక, వెనక్కి గెంతకుండా మెల్లగా సర్దుకొమ్మని ఒక లైను రాశాం. 2017 జనవరి 1 తెల్లవారి ఐదున్నరకు కాఫీ గ్లాసుతో స్క్రీన్ ముందు కూర్చున్నాను. ఏమీ జరగలేదు. మా వృత్తిలో అంతకు మించిన శుభవార్త ఉండదు.

ఆ తర్వాత ఇంతవరకు లీప్ సెకను రాలేదు. 2035లోగా భూమికీ గడియారానికీ మధ్య తేడా హద్దును పెంచాలని 2022లో తూనికలు, కొలతల మహాసభ తీర్మానించింది. బాకీ తీరలేదు, గడువు పెరిగిందంతే. క్రోనీలో రాసిన ఆ లైను నేనింకా తీయలేదు. పక్కన కామెంటుగా ‘అధికం’ అని రాసి పెట్టాను.