ధరకు నాదం: కళ్ళపు లెక్క – ధ్వనికళ

సజీవ ఆర్థిక దత్తాంశాన్ని సంగీతంగా మలచే ధ్వనికళను నేటి సాంకేతిక వింతగా పరిగణించడం పరిపాటి. అయితే ధర ధ్వనించడం కొత్త కాదు. 1867లో ఎడ్వర్డ్ కాలహన్ రూపొందించిన ధరల తంతి యంత్రానికి దాని చప్పుడే ‘టిక్కర్’ అన్న పేరు తెచ్చింది. 2009లో జర్మన్ స్వరకర్త యోహానెస్ క్రైడ్లర్ ‘చార్ట్స్ మ్యూజిక్’లో షేర్ల పతనరేఖలనే స్వరపంక్తులుగా మార్చాడు. అవి గడచిన ధరలే అయినా సూత్రమొక్కటే: ధర పెరిగితే స్వరం ఆరోహణ, తరిగితే అవరోహణ.

ఈ సూత్రం తటస్థమైనది కాదు. కోడుమూరు పరిసరాల ఉల్లి కర్నూలు మార్కెట్ యార్డులో అమ్ముడయ్యేటప్పుడు ఆరోహణ రైతుకు ఊరట, కొనేవారికి భారం. కనుక ఏ ధరకు ఏ స్వరమన్న ఎంపికే కృతికర్త వ్యాఖ్యానం. విమర్శ పరిశీలించవలసింది దానినే.

తెలుగు నేల కళ్ళాల్లో ధాన్యం కొలిచేవారు ‘ఒకటి’ అనక ‘లాభం’ అని, పిదప ‘రెండు’, ‘మూడు’ అని గొంతెత్తి లెక్కించే ఆచారం ఉంది. శుభాకాంక్ష మొదటి సంఖ్య పేరును మార్చినా మొత్తాన్ని మార్చదు. ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ వింటూ సరిచూసుకుంటారు; ఆ గొంతే సాక్ష్యం.

ధ్వనికళలో తరచు లోపించేది ఈ సాక్ష్యగుణమే. శ్రోత స్వరం నుంచి ధరను తిరిగి రాబట్టలేడు. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన ఈ-నామ్ వంటి తెరమీది వేలంపాటలో ‘పాట’ పేరుకే మిగిలింది. ధరను మళ్ళీ వినిపించదలచిన కళ మాధుర్యంతో తృప్తిపడరాదు. నష్టపోయేవారు సైతం విని సరిచూసుకోగలిగినప్పుడే అది కళ్ళపు లెక్కకు వారసత్వం చెప్పుకోగలదు.