ఇంటి తెలుగు – బడి చదువు : ఒక విమర్శ

బాలుడు బడిలో అడుగిడునాటికి రిక్తహస్తుడు కాడు. ఐదేండ్ల ప్రాయమునకే యతడు ఒక భాషయందలి ధ్వనులను, క్రియారూపములను, వావివరుసలను, మన్ననలను నేర్చియుండును. ఈ సొత్తును బడి యెట్లు లెక్కించుచున్నది? మూలధనముగనా, ఋణముగనా? విద్యామనోవిజ్ఞానమున గత నూరేండ్లుగా సాగిన చర్చలలో ముఖ్యమైన యొకదానికి ఈ ప్రశ్నయే మూలము. తమిళదేశమందలి తెలుగువారి పిల్లల విషయమున నిది కేవలము శాస్త్రచర్చ కాదు. వారి చదువు ముందునకు సాగుటయు నడుమ నాగుటయు దీనిపై నాధారపడియున్నవి.

విరుదునగరం జిల్లాలో రాజపాళయమునకు చేరువనున్న తళవాయిపురమును ఇందుకు నిదర్శనముగ గ్రహింపవచ్చును. దళవాయి యనగా సేనాపతి. విజయనగర రాజుల కాలమునను, మధుర నాయకుల కాలమునను వాడుకలోనుండిన ఆ పదవీనామమే యీ యూరిపేరిలో నిలిచియున్నది. ఆ శతాబ్దములందే తెలుగు కుటుంబములు పెక్కు దక్షిణమునకు తరలివచ్చి మధుర, తిరునెల్వేలి సీమలలో స్థిరపడెను. 1949 నుండి 1952 వరకు మద్రాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నుండిన పి.ఎస్. కుమారస్వామి రాజా రాజపాళయపు తెలుగువాడే. నేటికిని ఈ సీమలో తెలుగు అనేక గృహములందు ఇంటిభాష, బడిభాష తమిళము. ఇంట పలుకు తెలుగునకు బాలుని కంటియెదుట లిపి లేదు. బడిలో చదువు తమిళమునకు ఇంట పలుకుతోడు లేదు. చిక్కంతయు నీ రెంటి నడుమనే కలదు.

ఈ విషయమున మొదటి పూర్వపక్షము: రెండు భాషలు బాలుని బుద్ధికి బరువగునని. వేల్సుదేశమందు డి.జె. సేయర్ ఏడు మొదలు పదునాలుగేండ్ల వరకు వయస్సుగల సుమారు 1,400 మంది బాలబాలికలను పరీక్షించి 1923లో తన నిర్ణయమును ప్రకటించెను. పల్లెలయందు వేల్షు, ఆంగ్లము రెండును వచ్చినవారు ఒక్క భాషయే వచ్చినవారికంటె బుద్ధిపరీక్షలలో వెనుకబడిరని యాతడు చెప్పెను. కాని యీ వాదమునకు విరుగుడు ఆతని ఫలితములందే కలదు. పట్టణములందలి ద్విభాషా బాలురలో అట్టి వెనుకబాటు కానరాలేదు. భాషయే కారణమైనచో పట్టణమున నది యేల నిష్ఫలమయ్యెను? ఇంటి రాబడి, తల్లిదండ్రుల వృత్తి, పుస్తకముల చేరువ మొదలగువానిని వేరుపరుపక నిందనంతను భాషపై మోపుట హేతుదోషము.

రెండవ వాదము దీనికి కేవలము విరుద్ధము. 1962లో కెనడాదేశపు మాంట్రియల్ నగరమున పీల్, లాంబర్ట్ అను పరిశోధకులు పదేండ్ల పిల్లలను పరీక్షించిరి. కుటుంబముల ఆర్థికస్థితిని సమముగ నుంచి చూడగా, ఫ్రెంచి, ఆంగ్లము రెండును బాగుగ నెరిగినవారే మిన్నయని తేలెను. ఈ ఫలితము ద్విభాషాబాలురపైనున్న అపవాదును చాలవరకు తుడిచివేసెను. అయినను దీనిని రాజపాళయ సీమకు యథాతథముగ అన్వయించుట తగదు. రెండు భాషలందును సమానమైన నేర్పుగలవారినే ఆ పరిశోధకులు ఎన్నుకొనిరి. ఆ యెన్నికలోనే చురుకైన పిల్లలు ఎక్కువగ చేరియుండవచ్చును. అంతేకాక వారి రెండు భాషలకును లిపియు, బడియు, గౌరవమును గలవు. ఉన్న భాషకు మరియొకటి తోడగుట వేరు, ఉన్నదానిని త్రోసి మరియొకటి చేరుట వేరు అని లాంబర్టే తరువాతి కాలమున వివరించెను. తళవాయిపురపు తెలుగుబాలుని యెడల నిర్ణయింపవలసినది ఈ రెంటిలో నేది జరుగుచున్నదనియే.

ఇచ్చట జిమ్ కమిన్స్ 1979 మొదలు చేసిన విభాగము మిక్కిలి యుపకరించును. వీధిలో ఆటపాటలకు చాలు భాష యొకటి. పాఠమును గ్రహించి, హేతువును చెప్పి, లెక్కలోని షరతులను విప్పుకొను భాష మరియొకటి. మొదటిది సుమారు రెండేండ్లలో పట్టువడును. రెండవదానికి ఐదేండ్లు మొదలు ఏడేండ్ల వరకు పట్టును. ఇది వలసవచ్చిన పిల్లలను చూచి చెప్పిన మాట. పుట్టినది మొదలు వీధిలో తమిళము వినుచున్న పిల్లలకు కాలపరిమితి వేరుకావచ్చును గాని భేదము మాత్రము చెల్లును. ఆటస్థలమున తమిళము గడగడ మాటాడు పిల్లవాడు తరగతిలో మౌనము వహించినచో ఉపాధ్యాయుడు, "వీనికి భాష వచ్చును, బుద్ధియే లేదు" అని తీర్మానించుటకు వీలున్నది. ఒక్క తప్పు అనుమానము ఒక బాలుని భవిష్యత్తును నిర్ణయించును.

తళవాయిపురము స్త్రీల దుస్తుల కుట్టుపనికి పేరుగన్న యూరు. కొలత, కత్తిరింపు, మిగులు అను మాటలను తెలుగున వినుచు పెరిగిన బాలికకు తీసివేత యెరుగని విషయము కాదు. ఆ లెక్కయే తమిళమున వచ్చినప్పుడు శేషమును "మీది" యందురు. తెలుగింటి పిల్ల చెవికి "మీది" యనగా మీకు చెందినది, లేదా పైనున్నది. ఆమె తడబడినచో ఆ తడబాటు గణితమున లేదు, మాటయందున్నది. నిత్యానుభవమున పుట్టిన భావమును బడి నేర్పు శాస్త్రభావముతో కలిపినగాని జ్ఞానము నిలువదని 1934లో వెలువడిన తన గ్రంథమున విగోట్‌స్కీ ప్రతిపాదించెను. ఆ రెంటికిని వంతెన ఇంటిభాషయే.

ఆ వంతెనకు వలయు సామగ్రి ఈ సోదరభాషలందు సమృద్ధిగ నున్నది. తెలుగున ఏడు, కోడి, మేడి యన్నచోట తమిళమున ఏళు, కోళి, మేళి యందురు. అచ్చటి ళకారము తమిళమునకు విశిష్టమైన అక్షరము. మూడు మాటలను ప్రక్కప్రక్కన నుంచినచో బాలుడే సూత్రమును కనిపెట్టును. మరల, తమిళమున ప, బ ధ్వనులకు ఒక్కటే యక్షరము. "పొట్టు" అని పలుకు మాటకును, "బొమ్మై" అని పలుకు మాటకును మొదట నుండునది అదియే. తెలుగుబాలునికి పొట్టు వేరు, బొట్టు వేరు. అతడు తమిళపు "పొట్టు"ను చూచి "బొట్టు" అని చదివినచో అది యజ్ఞానము కాదు. అర్థమును గ్రహించి తన యింటిమాటను పలికినాడన్నమాట. ఆ తప్పును కొట్టివేయు ఉపాధ్యాయునికంటె, ఆ తప్పులోని తెలివిని గుర్తించి దిద్దు ఉపాధ్యాయుడు మేలు.

విమర్శ తమిళబడికి మాత్రమే చెల్లునది కాదు. తెలుగు నేర్ప పూనుకొను సంఘములకును చెల్లును. వారాంతపు తరగతిలో మొదటిదినముననే యాబదికి పైబడిన అక్షరములను ముందుంచి, బాలుని పలుకుబడిని "అరవపు తెలుగు" అని పరిహసించినచో జరుగునదేమి? తమిళబడి యతని తెలుగును గుర్తింపలేదు. తెలుగుబడి దానిని తిరస్కరించినది. రెండుచోట్లను ఆతడు భాషలేనివాడే యయ్యెను. గిడుగు రామమూర్తి (1863–1940) మార్గము వేరు. పర్లాకిమిడి ప్రాంతపు సవరలకు చదువు చెప్పదలచి యాయన తొలుత తానే సవరభాషను నేర్చెను. పిమ్మట ఆ భాషయందే వాచకములను కూర్చెను. గురువు ముందు శిష్యుడై బాలుని పలుకును నేర్చుట ఆయన పద్ధతిలోని కీలకము. లిపిలేని సవరకు చెల్లిన యీ మర్యాద లిపిగల తెలుగునకు ఏల చెల్లరాదు?

శాసనములు కొంత మేలు చేయకపోలేదు. తరగతిలో పదిమంది గాని బడిలో నలువదిమంది గాని యున్నచో మాతృభాషలో ప్రాథమికవిద్య గరపవలెనని 1949లో రాష్ట్ర విద్యామంత్రుల సమావేశము తీర్మానించెను. 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరెను. 2006 నాటి తమిళనాడు చట్టము తమిళమును ఒకటవ తరగతి మొదలు క్రమముగ నిర్బంధపాఠ్యము గావించెను. తమిళదేశమున బ్రతుకు పిల్లలకు తమిళము అవసరమే. అందు వివాదము లేదు. కాని చట్టము పిల్లలను లెక్కించును; వారు తమతో తెచ్చుకొన్నదానిని లెక్కింపదు. ఆ లెక్క ఉపాధ్యాయుడే చేయవలయును.

ఇందుకు గొప్ప వ్యయము అక్కరలేదు. "దీనిని మీ యింట నేమందురు?" అని తరగతిలో అడిగిన చాలును. ఆ ప్రశ్న వినిననాడు తళవాయిపురపు తెలుగుబాలుడు తనకు తెలియనిదానికై సిగ్గుపడుట మాని, తెలిసినదానితో చదువు మొదలిడును.