పక్కు కింద ఏముంది?

మా పెద్దమ్మ అరికాలి పుండు ఏడాదైనా మానలేదు. బొటనవేలి మొదట్లో, రూపాయి బిళ్ళంత. నొప్పి లేదు కాబట్టి ఆవిడ లెక్కచెయ్యలేదు. కాస్త పసుపు అద్ది, పాతగుడ్డ చుట్టి, వంటింట్లోకి పోయేది. పాతికేళ్ళ షుగరు కాలి నరాలని మొద్దుబారుస్తుందనీ, నొప్పి తెలియకపోవడమే అసలు జబ్బనీ డ్రెస్సింగు గదిలో కూర్చున్నాకే మాకు అర్థమైంది.

అక్కడి సిస్టరమ్మ మందు జోలికి వెంటనే పోలేదు. సెలైన్‌తో కట్టు నానబెట్టి నెమ్మదిగా ఊడదీసింది. వాసన చూసింది. కాగితపు స్కేలుతో పొడవూ వెడల్పూ, మొన లేని సన్నటి సలాకతో లోతూ కొలిచి రాసుకుంది. సలాక లోపల గట్టిగా తగిలితే చీము ఎముకదాకా పోయిందేమోనని అనుమానించాలట. అదృష్టం, తగల్లేదు. తర్వాత రంగులు చూసింది. నల్లగా ఉన్నది చచ్చి ఎండిన చర్మం. పసుప్పచ్చగా, జిగటగా అంటుకున్నది కుళ్ళిన కండ. ఆ రెండిటి మధ్య అక్కడక్కడ దానిమ్మ గింజలు పరిచినట్టు ఎర్రగా ఉన్నదే బతికిన కండ.

ఆ నలుపునీ పసుపునీ తీసెయ్యడమే డిబ్రైడ్‌మెంట్. ఫ్రెంచిలో ఆ మాటకి కళ్ళెం విప్పడమని అర్థం. నాకెందుకో నచ్చిన పేరు. చచ్చిన కండ సూక్ష్మజీవులకి మంచి మేత. అది ఉన్నంతకాలం ఒంట్లో బలమంతా వాటితో పోరాడ్డానికే సరిపోతుంది, కొత్త చర్మం అంచుల నుంచి లోపలికి పాకలేదు. సుశ్రుతుడు వ్రణానికి చెప్పిన 60 ఉపక్రమాల్లోనూ కోయడం, గీకడం, కట్టు కట్టడం ఉన్నాయి.

సిస్టరు ముందు పుండు చుట్టూ కట్టిన ఆనెకాయని పట్టింది. బ్లేడుని దాదాపు పడుకోబెట్టి, సొరకాయ తొక్కు తీసినట్టు పల్చగా, పొరపొరగా చెక్కింది. ఆనెకాయ చెప్పులో గులకరాయి లాంటిది, అడుగు వేసినప్పుడల్లా కిందున్న కండని నలుపుతుంది. తర్వాత ఫోర్సెప్స్‌తో పసుపు పొరని ఎత్తి పట్టుకుని కత్తిరించింది. చిన్న రక్తపు బొట్టు కనబడగానే చెయ్యి ఆపేసింది. ఇంతసేపూ పెద్దమ్మ ఆవిడకి గోంగూర పచ్చడి ఎలా పెట్టాలో చెబుతూనే ఉంది!

అన్ని పుళ్ళకీ కత్తి అక్కర్లేదు. ముదురు మాంసం మెత్తగా ఉడకాలని పచ్చి బొప్పాయి ముక్క వేస్తాం కదా. అందులోని పాపైన్ చచ్చిన కండనీ కరిగిస్తుందని దానితో లేపనాలు చేశారు. ఇంట్లో బొప్పాయి నూరి పుండుకి పెట్టమని మాత్రం కాదు. ఇక పురుగుల వైద్యం: మొదటి ప్రపంచయుద్ధంలో, పురుగులు పట్టిన గాయాలతో దొరికిన సైనికుల కండ శుభ్రంగా ఉండడం చూసి ఆశ్చర్యపోయిన విలియం బేర్ అనే సర్జన్, తర్వాత బాల్టిమోర్‌లో దాన్ని చికిత్సగా మలిచాడు. ప్రయోగశాలలో శుభ్రంగా పెంచిన ఆ పురుగులకి అమెరికా 2004లో అనుమతి ఇచ్చింది. మనవాళ్ళు పుండుకి పురుగు పట్టిందంటే భయపడ్డం తప్పేమీ కాదు, బతికిన కండని తినే జాతులూ ఉన్నాయి.

కొయ్యకూడని చోట కొయ్యకపోవడం అంతకన్నా పెద్ద విద్య. రక్తప్రసారం సరిగా లేని కాలి మడమ మీద ఎండి, బిగిసి ఉన్న నల్లటి పెచ్చుని కదపకుండా పొడిగానే ఉంచాలి. అందుకే సిస్టరు బ్లేడు పట్టేముందు పాదం మీద నాడి వెతికింది.

పక్కు కట్టిందంటే మానినట్టేనని మనందరి నమ్మకం. కానీ 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల చర్మం మీద పైపై గాయాలు చేసి, కొన్నిటిని గాలికి వదిలి, కొన్నిటిని పాలిథిన్ పొరతో కప్పాడు. కప్పినవాటి మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో వచ్చింది. పక్కు కిందనుంచి దారి వెతుక్కునే పని దానికి తప్పింది మరి. పుండులో మితంగా తడి ఉండాలన్న ఆలోచన అప్పటినుంచి బలపడింది. నురగలొచ్చే హైడ్రోజన్ పెరాక్సైడుతో రోజూ కడిగితే సూక్ష్మజీవులతోపాటు లేత కండా చస్తుంది.

ఇన్ని చేసినా ఆ కాలిమీదే నడుస్తుంటే ఫలితం సున్నా. ఇది తేల్చింది వేలూరులో కుష్ఠు రోగుల పాదాలు చూసిన పాల్ బ్రాండ్. తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టి, 1946లో డాక్టరుగా ఇండియాకి తిరిగొచ్చాడు. వేళ్ళు అరిగిపోతున్నది కుష్ఠు తినేసి కాదనీ, స్పర్శ లేని పాదం ఒకే చోట మళ్ళీమళ్ళీ ఒత్తుకుపోవడం వల్లననీ ఆయన గ్రహించాడు. పాదానికి పిండికట్టు వేసి బరువు పంచితే ఏళ్ళనాటి పుళ్ళూ మానేవి. 1966లో అమెరికాలోని కార్‌విల్ కుష్ఠు ఆస్పత్రికి వెళ్ళినప్పుడు ఆ పద్ధతినీ వెంట తీసుకెళ్ళాడు. నేడు షుగరు పాదాలకి ఆ పిండికట్టే వేస్తున్నారు.

కట్టు వేయడం అయ్యాక సిస్టరమ్మ, "అమ్మా, మీ చెప్పులేవీ?" అంది. కుడి చెప్పులో చెయ్యి పెట్టి తడిమింది. వేలు ఒకచోట ఆగింది. బొటనవేలి మొదలు ఆనే చోట, అట్టలోంచి చిన్న చీల మొన పైకి తేలి ఉంది.

"కిందటి ఉగాదికే కదే కొన్నాం వీటిని?" అంది పెద్దమ్మ నాకేసి చూసి.