ఎప్పుడు వేడెక్కుతోంది?

మా బాబాయి కుడి ముంజేతి మీద జానెడు మచ్చ ఉండేది. లారీ నడిపే రోజుల్లో మరుగుతున్న రేడియేటర్ మూత తిప్పినప్పటిది. అందుకే పోయిన మే నెలలో, దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుండగా మా కారులో ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్రగీతను తాకితే, నీళ్ల సీసాతో సాయానికొచ్చిన కుర్రాణ్ణి మూత జోలికి పోనివ్వలేదు. లోపల ఒత్తిడి ఉన్నంతసేపూ 100 డిగ్రీలు దాటినా కూలెంట్ మరగదు. మూత వదులైన క్షణంలో ఆవిరై ఎగజిమ్ముతుంది. కాలిపోతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్డు పగలొచ్చు కూడా. బండి ఆపి, చెట్టు నీడన ముప్పావుగంట కూర్చున్నాం.

తర్వాత బండి చూపిస్తే, విజయవాడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్ పెద్దాయన పానా పట్టుకోకముందే అడిగాడు. "ఎప్పుడు వేడెక్కుతోంది సార్? ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడా, రోడ్డు మీద పోతున్నప్పుడా, ఎత్తు ఎక్కేటప్పుడా?"

ఈ పనితనమంతా ఆ ప్రశ్నలోనే ఉందని నా నమ్మకం. నిలబడితే వేడెక్కి, కదిలితే చల్లబడే బండికి ముందు ఫ్యాన్‌ని చూడాలి: మోటారో, ఫ్యూజో, స్విచ్చో. వేగంగా పోతున్నా ముల్లు పెరుగుతుంటే గాలి లోటు కాదు, నీరు సరిగ్గా తిరగడం లేదన్నమాట. ఘాట్‌లో ఇంజిన్‌కి బరువెక్కువ, బండికి వేగం తక్కువ. రేడియేటర్ సత్తా తేలేది అక్కడే.

"ఘాట్‌లోనే" అన్నాను. "చలికాలం పొద్దున ముల్లు ఎక్కడుండేది?" అని మళ్లీ అడిగాడు.

అడుగునే. గంట నడిపినా లేచేది కాదు. అది మంచి లక్షణమనుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపి థర్మోస్టాట్ గూడు విప్పాడు. లోపల ఖాళీ. వేడికి విరుగుడని ఎవరో ఎప్పుడో పీకేశారు.

ఈ అలవాటు మీద నాకు కోపం. థర్మోస్టాట్ 82 డిగ్రీల దగ్గరో 88 దగ్గరో తెరుచుకుని నీటిని రేడియేటర్‌కి వదులుతుంది. అంతదాకా ఇంజిన్‌ని త్వరగా వేడెక్కనిస్తుంది. అది లేని ఇంజిన్ చల్లగా నడిచి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. అసలు జబ్బూ మరుగున పడుతుంది. మా బండి జబ్బు రేడియేటర్‌లో ఉంది. కూలెంట్ బదులు ఏళ్లతరబడి పోసిన బోరు నీళ్ల ఉప్పు సన్నగొట్టాల్లో గారకట్టింది. పెద్దాయన ఇంజిన్ కాసేపు నడిపి ఆపి, కాస్త ఆరనిచ్చి, నా అరచేతిని రేడియేటర్ మీద ఆనించాడు. పైభాగం వేడి, కింది మూల చల్లన. అక్కడికి నీరే చేరడం లేదు.

హెడ్ గ్యాస్కెట్ కూడా పోయిందేమోనని నా భయం. డిప్‌స్టిక్ తీసి చూపించాడు. ఆయిల్ పాలు కలిసిన టీలా మారలేదు. చల్లారాక మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలూ రాలేదు.

రేడియేటర్, థర్మోస్టాట్ కొత్తవి తెచ్చాం. మూత కూడా మార్చమన్నాడు. దాని మీద 0.9 అని ఉంటుంది, అన్ని బార్ల ఒత్తిడి నిలపాలని. స్ప్రింగు గట్టిగా ఉంటే, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ చెరిసగం కలిపినది 120 డిగ్రీలు దాటినా మరగదు. స్ప్రింగు నీరసిస్తే ముందే పొంగుతుంది. అన్నిటికన్నా చవకైన ఈ సామాను గురించి అడిగేవాళ్లు తక్కువ.

బిగించే ముందు ఆయన టీ గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ని తీగతో వేలాడదీసి స్టవ్ వెలిగించాడు. నీళ్లు మరగకముందే మధ్యనున్న బిళ్ల మెల్లగా లేచింది. మంట ఆపి చన్నీళ్లు కలిపితే మూసుకుంది. రెండోసారి వెలిగించి మళ్లీ చూశాడు. అప్పుడు పానా అందుకున్నాడు.