గోధుమ మానినా తగ్గనప్పుడు

సీలియాక్ వ్యాధికి పథ్యమే మందు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ కంచంలోకి రాకుండా చూసుకుంటే చాలామందికి కొన్ని వారాల్లోనే విరేచనాలు తగ్గుతాయి, తిన్నది ఒంటబడుతుంది. కొద్దిమందికి మాత్రం ఏడాదిపాటు నిష్ఠగా పథ్యం చేసినా బరువు తగ్గుతూనే ఉంటుంది. ఇంకొందరు కొన్నేళ్లు హాయిగా ఉంటారు, ఉన్నట్టుండి జబ్బు మళ్లీ మొదటికొస్తుంది. చిన్నపేగును లోపలికంటా చూడాల్సి వచ్చేది ఇలాంటివాళ్లకే.

అయితే పేగులోకి చూసేముందు వంటింట్లోకి చూడాలి. పథ్యం పారకపోవడానికి అన్నిటికన్నా మామూలు కారణం, తెలియకుండా గ్లూటెన్ తింటూ ఉండడమే. చపాతీ, ఉప్మా, సేమియా మానడం కష్టమేగానీ గుర్తుపట్టడం తేలిక. చారు పోపులో వేసే ఇంగువను ఎవరు అనుమానిస్తారు? బజార్లో దొరికే ఇంగువ చాలావాటిలో గోధుమపిండో మైదానో కలిపి ఉంటుంది. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంటుంది, చదివేవాళ్లే తక్కువ. గోధుమలు పట్టిన మరలోనే జొన్నలు పట్టిస్తే ఆ పిండీ పనికిరాదు. ఏ స్కోపుకన్నా ముందు డైటీషియన్‌తో ఒక గంట కూర్చోవడం మేలనేది అందుకే.

అసలు మొదట చెప్పిన జబ్బు సీలియాకేనా అన్నది రెండో ప్రశ్న. ఉత్తరాదితో పోలిస్తే దక్షిణాదిలో ఈ జబ్బు బాగా తక్కువ కాబట్టి, మన దగ్గర ఈ ప్రశ్న మరీ గట్టిగా వేసుకోవాలి. ట్రాపికల్ స్ప్రూ, జియార్డియా కూడా పేగు లోపలి పొరను ఇలాగే పాడుచేస్తాయి. బీపీకి వాడే ఓల్మిసార్టన్ మాత్ర సైతం కొందరిలో అచ్చం ఇదే వేషం వేస్తుంది. డాక్టరు ఆ మాత్ర మారిస్తే ఏళ్లతరబడి పీడించిన విరేచనాలు ఆగిపోయిన సందర్భాలున్నాయి.

ఈ రెండు జల్లెడలూ దాటి మిగిలినవాళ్లది అసలైన మొండి సీలియాక్. ఇక్కడొక చిక్కుంది. నోటిగుండా వేసే మామూలు ఎండోస్కోపు చిన్నపేగు మొదటి భాగమైన డుయోడినం దాటి ఎక్కువ దూరం పోదు. కిందినుంచి వచ్చే కొలనోస్కోపు చిన్నపేగు చివరి కొస దగ్గరే ఆగుతుంది. మధ్యలో మీటర్లకొద్దీ పేగు మిగిలిపోతుంది. ముదిరిన సీలియాక్‌లో పుట్టే పుండ్లు, లింఫోమా అనే క్యాన్సరు ఎక్కువగా జెజునంలో, అంటే సరిగ్గా ఆ అందనిచోట, మకాం పెడతాయి. 1957లో క్రాస్బీ, కుగ్లర్ కలిసి చేసిన లోహపు గుళికను గొట్టానికి తగిలించి మింగిస్తే, అది జెజునం గోడలోంచి చిన్న ముక్క కోసుకొచ్చేది. కానీ ఏ చోట కోస్తోందో కంటికి కనబడేది కాదు.

కళ్లు వచ్చింది కాప్స్యూల్ ఎండోస్కోపీతో. క్షిపణుల పరిజ్ఞానంలో పనిచేసిన ఇజ్రాయెల్ ఇంజనీరు గావ్రియెల్ ఇద్దాన్ దీనికి ఆద్యుడు. 2000లో నేచర్ పత్రిక ఆ పరిశోధనను ప్రచురించింది, మరుసటి ఏడాది అమెరికాలో అనుమతి వచ్చింది. 26 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల మందం ఉన్న ఆ మాత్రలో కెమెరా, దీపాలు, బ్యాటరీ, ట్రాన్స్‌మిటర్ అన్నీ ఉంటాయి. తొలి కాప్స్యూల్ సెకనుకు రెండు చొప్పున, ఎనిమిది గంటల్లో యాభై వేలకు పైగా ఫొటోలు తీసి నడుముకు కట్టిన రికార్డరుకు పంపేది. రోగి ఆ పూట మామూలుగా తిరగవచ్చు. ఆ ఫొటోలన్నీ ఓపిగ్గా చూడాల్సిన డాక్టరుదే అసలు శ్రమ.

ఆరోగ్యంగా ఉన్న పేగులో ఆంత్రచూషకాలు మెత్తటి నూగులా కనబడతాయి. సీలియాక్‌లో ఆ నూగు పోయి గోడ నున్నబడుతుంది, మడతలు పలచబడి వాటి అంచులు నొక్కులు పడతాయి, మధ్యలో పగుళ్లు పారతాయి. ఇంతవరకూ ఊహించిందే. ఆ పగుళ్ల నడుమ పుండో, గడ్డో, సన్నబడిన దారో కనబడితే మాత్రం సంగతి వేరు. దారి సన్నబడినచోట కాప్స్యూల్ ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది గనుక, అనుమానం ఉంటే ముందు కరిగిపోయే ఉత్తుత్తి కాప్స్యూల్ మింగించి దారి చూసుకుంటారు. కాప్స్యూల్‌కు ఇంకో లోపం: ఎంత చక్కగా చూసినా ముక్క తేలేదు. ఫొటోలో కనబడ్డ పుండు క్యాన్సరో కాదో ఫొటో చెప్పదు.

ఆ ముక్క తెచ్చేది బెలూన్ ఎంటరోస్కోపీ. జపాన్‌లోని జిచి వైద్య విశ్వవిద్యాలయానికి చెందిన హిరోనోరి యమమోటో 2001లో డబుల్ బెలూన్ పద్ధతిని ప్రకటించాడు. పొడవాటి స్కోపు, దాని మీద తొడిగిన గొట్టం, రెండింటి కొసల్లోనూ చెరొక బెలూను. స్కోపు కొంత ముందుకెళ్లాక దాని బెలూను ఉబ్బించి పేగును పట్టుకుంటారు, వెనక నుంచి గొట్టాన్ని జరుపుతారు. అప్పుడు గొట్టం బెలూను కూడా ఉబ్బించి, రెంటినీ కలిపి వెనక్కి లాగుతారు. పరికిణీకి బొందు ఎక్కించేటప్పుడు గుడ్డ కుచ్చుళ్లు పడ్డట్టు పేగంతా గొట్టం మీదికి ముడుచుకుంటుంది. తర్వాత స్కోపు బెలూను గాలి తీసి మళ్లీ ముందుకు. మత్తు ఇవ్వాలి, సమయం పడుతుంది, అరుదుగా పేగుకు చిల్లుపడడం, పాంక్రియాస్ వాయడం వంటి ముప్పులున్నాయి. చేరినచోట సిరాచుక్క పొడిచి గుర్తు పెడితే, రేపు ఆపరేషన్ చేసే సర్జనుకు ఆ చోటు వెతుక్కునే పని తప్పుతుంది.

సీలియాక్ ఉన్న ప్రతివారికీ ఇవన్నీ చేయించడం డబ్బుదండగని నా ఉద్దేశం. కానీ జ్వరం, కడుపునొప్పి, నల్లటి విరేచనం, రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పడిపోవడం, బాగుపడ్డవాళ్లు కారణం లేకుండా మళ్లీ చిక్కిపోవడం, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకూడదు.

తెచ్చిన ముక్కలో పాథాలజిస్టు వెతికేది లింఫోసైట్ కణాల తీరును. అవి మామూలుగానే ఉంటే మొండి సీలియాక్‌లో మొదటి రకం, తీరు తప్పి ఒకే కణం సంతతిగా పెరుగుతుంటే రెండో రకం. ఈ తేడా డుయోడినం ముక్కలోనూ తెలియవచ్చు, కానీ లోపల దాగిన లింఫోమా తెలియదు. రెండో రకంలో అయిదేళ్లు దాటేవాళ్లు సుమారు సగం మందే. అందుకే వాళ్లకు పేగును మళ్లీ మళ్లీ చూస్తుంటారు. మొదటి రకం చాలావరకు బ్యుడెసొనైడ్ అనే స్టిరాయిడ్ మందుకు లొంగుతుంది. ఆ మందు కాప్స్యూల్ పేగు చివర్లో విచ్చుకునేలా తయారుచేసింది, జబ్బేమో మొదట్లో. కాబట్టి రోజుకు మూడు ఇచ్చే పద్ధతిలో ఒకదాన్ని విప్పి గింజలు నమిలి మింగమంటారు, రెండోదాన్ని విప్పి నమలకుండా మింగమంటారు, మూడోదాన్ని అలాగే వేసుకోమంటారు.