ముందు చెమట, తర్వాత అడవు

కూచిపూడి నేర్పే గురువుల్లో చాలామంది మొదటిరోజే అడవు, అంటే నాట్యంలోని మూల అడుగు, చెప్పరు. ముందు ఒళ్లు వంచిస్తారు. గుంజీళ్లు, నడుము వంపులు, గెంతులు, మోకాళ్లు పక్కలకు వంచే అరమండిలో కదలకుండా నిలబడటం. నాట్యం నేర్పమంటే కసరత్తులేమిటని గొణిగే తల్లిదండ్రులూ ఉంటారు. ఆ చెమట కండరాలకే కాదు, మెదడుకీ పనికొస్తుంది.

కోపెన్‌హాగన్ పరిశోధకులు 2012లో ఒక ప్రయోగం ప్రచురించారు. తెరమీద కదిలే గీతను చేత్తో వెంబడించే పనిని కొందరు యువకులకు నేర్పారు. ఒక జట్టు చేత పాఠానికి ముందు, మరో జట్టు చేత పాఠం అయ్యాక సైకిల్ గట్టిగా తొక్కించారు. మూడో జట్టు ఊరికే కూర్చుంది. నేర్చుకునేటప్పుడు వాళ్లలో పెద్ద తేడా కనిపించలేదు. మర్నాడు చూస్తే సైకిల్ తొక్కినవాళ్ల చేతికే పని బాగా గుర్తుంది. వారం తర్వాత, పాఠం అయ్యాక తొక్కినవాళ్లు అందరినీ మించారు. నాడీకణాల మధ్య బంధాలు గట్టిపడటానికి తోడ్పడే బీడీఎన్ఎఫ్ అనే ప్రొటీన్ శ్రమ చేసినప్పుడు పెరుగుతుంది. ఈ తేడాకు కారణాల్లో అదొకటి కావచ్చని శాస్త్రవేత్తల అంచనా.

ఇప్పుడు అడవు సాధకం చూడండి. గురువు ముందు సొల్లుకట్టును, అంటే అడవుకు పలికే అక్షరాలను, నోటితో చెప్పిస్తారు, చేత్తో తాళం వేయిస్తారు, ఆపైనే పాదం కదిలిస్తారు. మొదటి కాలం నింపాదిగా సాగుతుంది. మడమ ఆలస్యంగా పడినా, మోకాలు లోపలికి వాలినా పిల్లకే తెలిసిపోతుంది. అనుకున్న కదలికకూ జరిగినదానికీ మధ్య తేడాను పట్టి సరిచేయడంలో చిన్నమెదడుది ముఖ్యపాత్ర. అదే అడవు రెండో కాలంలో రెట్టింపు వేగం, మూడో కాలంలో నాలుగింతలు. అక్కడికొచ్చేసరికి గుండె దడదడలాడుతుంది. అంటే శ్రమ పాఠానికి ముందూ ఉంది, చివరా ఉంది.

అలాగని మన పెద్దలకు బీడీఎన్ఎఫ్ ముందే తెలుసని చంకలు గుద్దుకోనక్కర్లేదు. గీతను వెంబడించడం వేరు, నాట్యం వేరు. తరాల తరబడి పిల్లల్ని చూసి కుదుర్చుకున్న క్రమం ఇది. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, ఆ క్రమాన్ని మరింత పద్ధతిలో పెట్టారు.

ఈ సాధకం ఫలితం కృష్ణుడి కథను ఆడే తరంగంలో కనిపిస్తుంది. కాలివేళ్లతో ఇత్తడి పళ్లెం అంచు బిగించి, తలమీద నీళ్ల చెంబుతో నర్తకి తాళపు పలుకులైన జతులకు కదులుతుంది. అరికాలి స్పర్శ, లోపలి చెవి, కళ్లు పంపే కబుర్లను మెదడు క్షణక్షణం కలుపుకుంటూ ఉంటుంది. పాదం తనంతట తాను నడుస్తుంది కాబట్టే ముఖంలో కృష్ణుడు పలుకుతాడు.

సాధకం మానితే? బంతులు ఎగరేసి పట్టడం మూడు నెలలు నేర్చినవాళ్ల మెదడులో కొన్నిచోట్ల బూడిదరంగు పదార్థం పెరిగిందని, మానేశాక తగ్గిందని జర్మన్ పరిశోధకులు 2004లో చూపారు. పరీక్షల పేరుతో పిల్లల్ని నెలల తరబడి మాన్పించేవాళ్లు దీన్ని గమనించాలి. టైము చాలదని ఒళ్లు వంచే పదినిమిషాలకు కోతపెట్టే ఆన్‌లైన్ క్లాసులవాళ్లు కూడా.