కంట్రోలర్‌కి దొంగ లెక్క

స్కూటర్ కంట్రోలర్ విప్పగానే నా కళ్లు షంట్ కోసం వెతుకుతాయి. కరెంటుని స్విచ్ చేసే మాస్‌ఫెట్ల వరుస దగ్గర, స్టేపుల్ పిన్నులా వంచి బోర్డులో గుచ్చిన లావుపాటి తీగ అది. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటంతా దాని గుండానే పోవాలి. దాని రెండు కొసల మధ్య పడే కాస్తంత వోల్టేజీని బట్టి ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో చిప్ లెక్కగడుతుంది, హద్దు దగ్గర ఆపేస్తుంది. ఆ తీగ మీద సోల్డర్ కరిగించి పోస్తే నిరోధం తగ్గుతుంది. 30 ఆంపియర్లు పోతున్నా చిప్ 20 అనే అనుకుంటుంది. దొంగ లెక్క చూపించి టార్క్ రాబట్టడమన్నమాట.

కోఠీ గుజరాతీ గల్లీలో ఓ కుర్రాడు అడిగాడు: "అన్నా, షంట్‌కి సోల్డర్ కొడితే ఎంత స్పీడ్ పోతది?"

"ఫ్లైఓవర్ జల్ది ఎక్కుతది తమ్మీ. టాప్ స్పీడ్ గంతే."

వాడి మొహం మాడింది. మోటారు తిరిగేకొద్దీ తనే ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది. అది బ్యాటరీ వోల్టేజీని అందుకోబోయేసరికి కరెంటు లోపలికి పోలేదు. అందుకే స్పీడు కావాలంటే 48 వోల్టుల ప్యాక్ తీసి 60 పెడతారు. పెట్టేముందు కంట్రోలర్‌లోని కెపాసిటర్ మీద అచ్చేసిన వోల్టుల అంకె చదవాలి. 63 అని ఉంటే ఆ కంట్రోలర్ పనికిరాదు. నిండా ఛార్జయిన 60 ప్యాక్ అంతకంటే ఎక్కువే ఇస్తుంది.

దొంగ లెక్కంటే నాకు గిట్టదు. కరెంటు ఒకటిన్నర రెట్లయితే తీగల్లో, మాస్‌ఫెట్లలో వేడి రెండింతలు దాటుతుంది, చిప్ మాత్రం అంతా బాగానే ఉందనుకుంటుంది. బ్యాటరీని కాపాడే బీఎంఎస్ ఒప్పుకోకపోతే నడిరోడ్డు మీద బండి ఆగిపోతుంది. డబ్బెక్కువైనా ప్రోగ్రామ్ చేసుకునే కంట్రోలరే కొంటాను. అందులో బ్యాటరీ కరెంటు, మోటారుకి వెళ్లే ఫేజ్ కరెంటు వేరువేరుగా పెట్టుకోవచ్చు. బ్యాటరీ వైపు ముట్టుకోకుండా ఫేజ్ కాస్త పెంచి, బండిని ఎత్తు ఎక్కించి, దిగగానే కంట్రోలర్ మీద అరచెయ్యి ఆనిస్తాను. చెయ్యి నిలవకపోతే పెంచింది తగ్గించేస్తాను.

చట్టం సంగతీ ఉంది. మోటారు 250 వాట్లకు, స్పీడు గంటకు 25 కిలోమీటర్లకు లోపుంటేనే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. స్పీడ్ లిమిట్ వైరు ఊడబీకిన క్షణం నుంచి అది నంబరూ ఇన్సూరెన్సూ లేని మోటారు వాహనం. ముందూ వెనకా బ్రేక్ డ్రమ్ములు మాత్రం ఆ 25కి తగినవే.

కుర్రాడు చివరికి 60 వోల్టుల కంట్రోలరే కొన్నాడు. బ్రేక్ షూల మాటేమిటంటే, వచ్చే నెల చూస్తానన్నాడు.